కారం పొట్లం

నా పాత హ్యాండ్‌బ్యాగు ఒకటి ఇంకా అలమరలో ఉంది. దాని పక్క జేబులో లోపలి గుడ్డ మీద ఎర్రటి మరక. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. 2009 జనవరిలో పడిన కారం మరక అది. ఆ సంగతి చాలా ఏళ్లు నేనెవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అందులో గొప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిందే ఎక్కువ. కానీ ఆడపిల్లల ఆత్మరక్షణ గురించి ఎక్కడ మాట్లాడమని నన్ను పిలిచినా ఆ మరకే కళ్ల ముందుకొస్తుంది. అది దాచిపెట్టి ఏం మాట్లాడినా అబద్ధమే అవుతుందనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

2008 డిసెంబరు 10. వరంగల్ ఆడవాళ్లం ఆ తేదీని మర్చిపోలేం. కాలేజీ నుంచి స్కూటీ మీద ఇంటికి పోతున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద, బైక్ మీద వచ్చినవాళ్లు యాసిడ్ పోశారు. ఆ నెలాఖరున వాళ్లలో ఒకమ్మాయి చనిపోయింది. నేనప్పుడు హనుమకొండలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. నాదీ స్కూటీనే. రోజూ సాయంత్రం అలాంటి రోడ్డు మీదే ఇంటికి వెళ్లేదాన్ని. ఆ వారమంతా క్లాసులో సగం బెంచీలు ఖాళీ. వచ్చిన పిల్లలు కళ్లు మాత్రమే కనపడేలా స్కార్ఫులు చుట్టుకుని వచ్చేవాళ్లు. కరాటే నేర్పిద్దామని ఒకరు, సెల్‌ఫోన్లు ఇప్పిద్దామని ఒకరు, చదువు మాన్పించి పెళ్లి చేసేద్దామని మరికొందరు. కారప్పొడి దగ్గరుంచుకోండని మా స్టాఫ్‌రూమ్‌లో నేనే అందరికంటే గట్టిగా చెప్పాను. కాగితంలో చిన్న పొట్లం కట్టి బ్యాగు పక్క జేబులో పెట్టుకున్నాను. స్కార్ఫు నేనూ కట్టుకున్నాను, చెవుల మీదుగా, గట్టిగా.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక సాయంత్రం. భద్రకాళి చెరువు పక్కనుంచి వస్తున్నాను. చీకటి పడుతోంది. వెనక ఒక బైక్ హారన్ కొడుతూనే ఉంది. అద్దంలో చూశాను. ఒక్కడే. నల్లగా, బక్కగా, రేగిన జుట్టు, మాసిన చొక్కా. చెయ్యి ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు, నాకు వినపడటం లేదు. నేను వేగం పెంచాను. వాడూ పెంచాడు. పక్కకొచ్చి నా కాళ్ల వైపు చూపిస్తూ మళ్లీ అరిచాడు. నా గొంతు ఎండిపోయింది. బండి ఆపాను. ఎందుకాపానో నాకే తెలియదు. వాడూ ఆగి, దిగి, నా వైపు రెండడుగులు వేశాడు. నేను పొట్లం విప్పి మొహాన చల్లాను.

వాడు రెండు చేతులతో కళ్లు మూసుకుని కూలబడ్డాడు. అప్పుడు వినపడింది. "స్టాండ్... మేడమ్, స్టాండ్..."

కిందికి చూశాను. నా స్కూటీ సైడ్ స్టాండ్ కిందికే ఉంది. కాలేజీ గేటు దగ్గర్నుంచీ అలాగే వచ్చాను. మలుపులో ఆ స్టాండ్ నేలకు తగిలితే ఏమయ్యేదో బండి నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

రోడ్డు పక్కన జామకాయలు అమ్ముకునే ఒకావిడ చెంబుతో నీళ్లు పట్టుకుని నాకంటే ముందు వాడి దగ్గరకు చేరింది. వాడి తల వెనక్కి వంచి కళ్లల్లో నీళ్లు పోస్తూ నన్ను తిట్టింది. "ఏందమ్మా గట్ల జేస్తివి? పోరడు స్టాండున్నదని మొత్తుకుంటాండు. నాకు గీడికి ఇనవడె. నీకు ఇనవడలేదా?"

వినపడలేదు. చెవుల మీద స్కార్ఫు ఉంది. ఆ స్కార్ఫు నన్ను నేను కాపాడుకోవడానికి కట్టుకున్నదే.

ఆ అబ్బాయిని కళ్లాసుపత్రికి తీసుకెళ్లాను. మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడట. రెండు రోజుల్లో తగ్గిపోతుందని డాక్టరు చెప్పాక గానీ నాకు ఊపిరాడలేదు. వాడు ఒక్క మాట కూడా అనలేదు. బయటికొచ్చాక మాత్రం, "ఈ మధ్య అందరు భయపడ్తాన్రు మేడమ్, ఏమనుకోను" అన్నాడు. అంతకంటే నాలుగు తిట్టుంటే తేలిగ్గా ఉండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అద్దంలో నేను చూసిందేమిటి? నల్లటి మొహం, మాసిన చొక్కా, చెదిరిన జుట్టు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకున్న అబ్బాయి అలాగే చెయ్యి ఊపితే నేను పొట్లం విప్పేదాన్నా? "ఏంటి బాబూ?" అని అడిగి ఉండేదాన్ని. అది నాకు బాగా తెలుసు. నా భయం ఉత్త ఆడదాని భయం మాత్రమే కాదు. దానికి కులమూ ఉంది, వర్గమూ ఉంది. ఎవరిని చూసి భయపడాలో చిన్నప్పటి నుంచి ఇంట్లో నేర్పించినట్టే భయపడ్డాను. మరి డిసెంబరులో ఆ పిల్లల మీద యాసిడ్ పోయించినవాడు దారినపోయే దానయ్య కాదు. అంతకుముందు నుంచే వెంటపడుతున్నవాడు. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ఇచ్చే లెక్కలు చూడండి. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు తెలిసినవాళ్లే. బంధువులు, ఇరుగుపొరుగు, పనిచేసేచోటి వాళ్లు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఆ రోజుల్లోనే, నేను పనిచేసేచోట ఒక పెద్దమనిషి ఉండేవాడు. పేరున్నవాడు, మర్యాదస్తుడని అందరూ అనేవాళ్లు. ఫైలు అందిస్తూ వేళ్లు తాకించడం, తలుపు దగ్గర అవసరం లేకుండా ఆనుకుని నిలబడటం, అందరూ వెళ్లిపోయే వేళకు ఏదో పని పెట్టి కూర్చోబెట్టడం. రెండేళ్లు. నాకు తెలియలేదా? మొదటి రోజే తెలిసింది. తెలిసిన దాన్ని నేనే "అబ్బే, అలా ఉండదులే" అని కొట్టిపారేశాను. అతని ముందు కూర్చున్నప్పుడు కూడా ఆ కారం పొట్లం ఒళ్లో బ్యాగులోనే ఉండేది. దాని మీదకు నా చెయ్యి ఎప్పుడూ పోలేదు. కారం చల్లమని కాదు. "చెయ్యి తీయండి" అన్న మాట కూడా నా నోటివెంట రాలేదు. సాయం చెయ్యడానికి వచ్చిన పిల్లవాడి మొహాన చల్లడానికి మాత్రం ఒక్క క్షణం పట్టలేదు.

ఆయుధం లేక కాదు. ఎవరు ప్రమాదమో చూసే కన్ను నాకు లేకుండా చేశారు. ఉన్న కన్నును నమ్మకుండా చేశారు. "తల దించుకుని పో, తల దించుకుని రా" అని పెంచారు. తల దించుకున్నవాళ్లకు రోడ్డు కనపడదు, వెనకొచ్చేవాడు కనపడడు, పక్కన సాయానికి ఎవరున్నారో కనపడదు. అలా పెంచి, ఒకరోజు చేతిలో కారమో కత్తో పెట్టి "నిన్ను నువ్వు కాపాడుకో" అంటారు.

వారం తర్వాత జామకాయలావిడ దగ్గరకు వెళ్లాను. క్షమించమని అడగడానికేమో, ఇంకెవరితోనైనా మాట్లాడాలనో. ఆవిడ తట్టలోనూ కారం ఉంది, ఉప్పు కలిపి. కత్తి కూడా ఉంది. చీకటి పడ్డాక కూడా ఒక్కతే కూర్చుంటుంది. భయం లేదా అని అడిగాను.

"ఉండదా మరి" అంది. "గందుకే గోడకు ఆనుకోని కూసుంట, ఎనక నుంచి ఎవడు రాకుంట. లైటు ముంగట కూసుంట, నా మొకం కాదు, వచ్చెటోని మొకం కనవడాలె. బండి ఒక్కతాప పోతె పోయినట్టు. రెండోతాప వస్తె సూస్త. మూడోతాప వస్తె గా చాయ్ కొట్టోన్ని పిలుస్త."

కత్తి ఎప్పుడైనా తీశావా అని అడిగాను. "రోజు తీస్త, కాయలు గొయ్యనీకి" అని నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఒక్కపారి తీసిన. తాగొచ్చి మీద మీదకొచ్చిండు. కత్తి జూసి ఆగిండు. ఆగినంక నేనెందుకు పొడుస్త? లేసి పొయ్యేదాంక కత్తి కింద పెట్టలే, గంతే." లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుని అంది, "బిడ్డా, కొట్టుడు తప్పు గాదు. సూడకుంట కొట్టుడు తప్పు."

తర్వాత చట్టం పుస్తకం తీసి చదివాను. ఆవిడ చెప్పిందే అందులో ఉంది. భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే 34 నుంచి 44 వరకు ఉన్నాయి. ప్రాణానికో, ఒంటికో ముప్పు ఉందన్న సహేతుకమైన భయం మొదలైనప్పుడు హక్కు మొదలవుతుంది. దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. ఆ భయం ఉన్నంతసేపే హక్కూ ఉంటుంది. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చెయ్యకూడదు. అత్యాచారానికి, అపహరణకు దిగినవాడి ప్రాణం తీసినా అది నేరం కాని సందర్భాలున్నాయి. 2013లో యాసిడ్ దాడిని కూడా ఆ జాబితాలో చేర్చారు. అది మంచి మార్పే. కానీ 'సహేతుకమైన' అన్న ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ సాయంత్రం నా భయం నిజమే. సహేతుకమేనా? చెవులు మూసుకుని, చొక్కా చూసి పడిన భయాన్ని ఏ పేరుతో పిలవాలి?

అదే డిసెంబరులో ఈ 'ఆత్మరక్షణ' అన్న మాట మా ఊళ్లో ఇంకోచోట కూడా వినపడింది. డిసెంబరు 13న ముగ్గురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తమ మీద దాడి చేయబోతే ఆత్మరక్షణ కోసం కాల్చామన్నారు పోలీసులు. ఊళ్లో మిఠాయిలు పంచుకున్నారు. మా స్టాఫ్‌రూమ్‌లోనూ పంచారు. నేనూ తిన్నాను. ఆ పిల్లల తల్లుల కడుపుకోత తలుచుకుంటే అది తప్పని కూడా అనిపించలేదు. కారం పొట్లం సంఘటన తర్వాతే ఆ తీపి అడ్డం పడింది. నా ఒక్క గుప్పెడు కారానికే "చూశావా, నిజంగా ముప్పుందా, ఆగాక ఎందుకు కొట్టావు" అని ఇన్ని ప్రశ్నలు ఉన్నప్పుడు, తుపాకీ పట్టుకున్న రాజ్యానికి ఒక్క ప్రశ్న కూడా ఉండొద్దా? 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే చెప్పింది. ఎన్‌కౌంటర్‌లో ఆత్మరక్షణ అన్నది పోలీసులు చెప్తే సరిపోదు, కేసు నమోదు చేసి విచారణలో తేల్చాలి అని. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు ఆపింది గానీ ప్రశ్న ఆగలేదు. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర మళ్లీ అదే జరిగింది, మళ్లీ పూలు చల్లారు. మన పేరు మీద జరిగే హత్యల్లో మనం సురక్షితం అయ్యామా? స్టాఫ్‌రూమ్‌లో వేళ్లు తాకించినవాడు కూడా ఆ రోజు మిఠాయి పంచినవాళ్లలో ఉన్నాడు.

మన ఆడవాళ్లకు ఆయుధం కొత్త కాదు. పాలకుర్తి ఐలమ్మ పంటను కాపాడుకోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు ఎదురు నిలబడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు కారమూ రోకలీ వడిసెలా పట్టుకున్నారు, మల్లు స్వరాజ్యం తుపాకే పట్టుకుంది. ఆ కథలు చెప్పుకునేటప్పుడు మనం ఆయుధాల దగ్గరే ఆగిపోతాం. బైరాన్‌పల్లి బురుజు ఇప్పటికీ ఉంది. రజాకార్లను ఎదుర్కోవడానికి ఆ ఊరు ముందు చేసిన పని బురుజెక్కి చూడటం. ఎవరొస్తున్నారో దూరం నుంచే కనిపెట్టి ఊరందరికీ తెలియజెయ్యడం. ఆయుధం తర్వాత సంగతి. పైగా చూసేవాడు ఒక్కడే అయినా, కాచుకునేది ఊరంతా. మనకిప్పుడు చెప్పే ఆత్మరక్షణలో ఆ ఊరే లేదు. ఒక్కో పిల్లకు ఒక్కో స్ప్రే డబ్బా ఇచ్చి, నీ చావు నువ్వు చావమన్నట్టుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 'గమనించుకుని ఉండండి' అనడం, 'ఏడుకల్లా ఇంట్లో ఉండండి' అనడం ఒకటి కాదు. చూడటం అంటే తప్పించుకు తిరగడం కాదు. జామకాయలావిడ చీకటిపడ్డాక ఇంట్లో కూర్చోలేదు. రోడ్డు మీదే ఉంది, రోడ్డును తనది చేసుకుని ఉంది. దాడి జరిగితే ఆ తప్పు దాడి చేసినవాడిదే. ఎంత చూసుకున్నా జరగొచ్చు. డిసెంబరులో ఆ ఇద్దరు పిల్లలూ చూసుకోలేదని అనే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు భద్రకాళి కట్ట మారిపోయింది. నడకదారి, లైట్లు, సాయంత్రాలు జనం. ఆ గోడా లేదు, ఆవిడా కనపడలేదు. పిల్లల దగ్గర మాట్లాడేటప్పుడు ఆవిడ మాటలే చెప్తాను. వీపు ఎక్కడ ఆనించాలి, వెలుతురు ఎటుండాలి, ఎవరిని కేకెయ్యాలి, ఎప్పుడు ఆగాలి. మొన్న ఒకమ్మాయి లేచి, "మరి కారం ఉంచుకోవాలా వద్దా మేడమ్?" అని సూటిగా అడిగింది.

"ఉంచుకో" అన్నాను. "ముందు చెవుల మీంచి స్కార్ఫు తియ్యి." తర్వాత స్టాండ్ సంగతి చెప్పాను. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక స్టాఫ్‌రూమ్ సంగతి కూడా చెప్పాను, మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఒక పిల్ల తల ఎత్తి నా వైపే చూస్తూ ఉండిపోయింది. క్లాసు అయిపోయాక ఆ పిల్ల వెళ్లకుండా బల్ల దగ్గర నిలబడింది. నేను కుర్చీ దగ్గరకు లాగాను.