లూమీ, లుబాన్, పొగవాసన గ్లాసు

మస్కట్ వచ్చే చుట్టాలకి అందరూ ముందుగా చూపించేవి సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మాస్క్, ఒపెరా హౌస్. మా ఇంటికి ఎవరొచ్చినా నేను మాత్రం మొదట మత్రా బజారుకే తీసుకెళ్తాను. సముద్రం ఒడ్డున కార్నీష్ మీద కారు ఆపి, రోడ్డు దాటి గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కుకి తగిలేది లుబాన్ పొగ. మన సాంబ్రాణికి దూరపు చుట్టంలా ఉంటుంది కానీ దానికంటే తేలిక. అందులో నిమ్మతొక్క వాసన కొంచెం కలిసినట్టుంటుంది. శాలువాలు, వెండి సామాన్లు అమ్మే దుకాణాలు దాటి లోపలి సందుల్లోకి వెళ్తే మసాలా దినుసుల కొట్లు వస్తాయి. అక్కడ బస్తాల్లో నల్లగా, గోలీల కంటే కాస్త పెద్దగా, ఎవరో మరిచిపోతే ఎండిపోయినట్టున్న కాయలు కనిపిస్తాయి. మా పెద్దమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇవేం కుంకుడుకాయలే?" అని అడిగింది. అవి నిమ్మకాయలు. ఇక్కడ వాటి పేరు లూమీ.

చిన్న నిమ్మకాయల్ని ఉప్పునీళ్ళలో ఉడికించి, రోజుల తరబడి ఎండబెడితే లూమీ అవుతుంది. ముందు గోధుమరంగుకి తిరుగుతుంది, ఇంకా ఎండితే పూర్తిగా నలుపు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. పగలగొట్టి వాసన చూస్తే పులుపు, ఊరగాయ ఘాటు, ఆ వెనకాల పొయ్యి దగ్గర కూర్చున్నంత పొగ. నిజానికి దీనికి పొగ పట్టించరు. ఎండకే ఆ వాసన వస్తుంది. ఇరాన్‌వాళ్ళు దీన్ని 'లీమూ ఒమానీ' అంటారు, ఇరాక్‌వాళ్ళు 'నూమీ బస్రా' అంటారు. ఒమన్ నుంచి పడవల్లో బస్రా రేవుకి చేరేది కాబట్టి వాళ్ళకది బస్రా నిమ్మ అయింది. అయితే 1970ల నుంచి ఒమన్ నిమ్మతోటల్ని ఒక తెగులు బాగా దెబ్బతీసింది. కొమ్మ చివర చీపురుకట్టలా చిన్నచిన్న ఆకులు గుబురుగా పుట్టి, కొన్నేళ్ళలో చెట్టే చచ్చిపోతుంది. అందుకని కొనేటప్పుడు ఏ దేశం సరుకో అడగండి. ఒమన్ పేరున్న కాయ ఒమన్‌దే కావాలని లేదు.

లూమీ వాడటం నాకు నేర్పింది పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన ఒక అక్క. పన్నెండేళ్ళుగా ఒక ఒమనీ కుటుంబంలో వంట చేస్తోంది. శుక్రవారం సెలవు దొరికినప్పుడు రూవీలో కూరగాయలు కొనుక్కుంటూ కలిసింది. "మేడమ్ అనొద్దు అక్కా" అని ఎన్నిసార్లు చెప్పినా మానదు. "నాలుక్కాయలకి లీటరు నీళ్ళండి మేడమ్. ముందు పగలగొట్టి గింజలు తీసేయాలి. గింజలుంటే చేదెక్కిపోద్దండి. పది నిమిషాలు మరిగితే చాలు. ఆపైన పొయ్యి మీదుంచారో, ఇంక కషాయమే!" ఆఫీసు ఉద్యోగాలకి వచ్చిన మా కుటుంబాలు ఇక్కడ పదేళ్ళున్నా ఒమనీ వంటింట్లోకి తొంగిచూసే అవకాశం తక్కువ. ఆ వంటిళ్ళలో రోజూ చెయ్యి పెట్టి పనిచేసేది ఈ అక్కలే. ఈ దేశపు రుచుల గురించి తెలుగులో ఎవరినైనా అడగాలంటే ముందు వాళ్ళనే అడగాలి.

నాకు ఈ పానీయాల మీద ధ్యాస రుచి కోసం పుట్టింది కాదు. మా స్నేహితురాలి భర్త రెండేళ్ళ క్రితం మందు మానేశాడు. మానడం ఒకెత్తు, మానాక గురువారం రాత్రి పార్టీలకి వెళ్ళడం ఇంకో ఎత్తు. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి మన కలయికలన్నీ గురువారమే. ఒక మూల మగవాళ్ళ గ్లాసులు, ఇంకో మూల పిల్లలకి, ఆడవాళ్ళకి పెద్ద సీసాలో నారింజరంగు కూల్‌డ్రింకు. ఆ సీసా దగ్గర నిలబడితే ఒకరు, "ఏం బాబూ, ఆరోగ్యం బాలేదా?" అంటారు. మరొకరు, "ఒక్కటే, ఏం కాదు" అని గ్లాసు చేతిలో పెట్టబోతారు. మొదట్లో అతను పార్టీకొచ్చి అరగంటలో వెళ్ళిపోయేవాడు. తర్వాత రావడమే మానేశాడు. "మందు మానేశాడని సంతోషించనా, మనుషుల్ని కూడా మానేశాడని ఏడవనా?" అని ఆమె నన్నడిగింది. వాళ్ళాయన ఒక్కడే కాదు. మా గుంపులో ఏడో నెల గర్భిణి ఉంది, షుగరున్నవాళ్ళు ముగ్గురున్నారు, వెనక్కి కారు నడపాల్సినవాళ్ళు సగంమంది ఉన్నారు. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు డబ్బాలో దాదాపు 35 గ్రాముల పంచదార ఉంటుంది. ఒమన్ ప్రభుత్వం గ్యాసు డ్రింకుల మీద 2019లో, తీపి పానీయాల మీద 2020లో 50 శాతం పన్ను వేసింది. అయినా మన పార్టీల్లో ఆ సీసాలు తగ్గలేదు.

మాక్‌టైల్ పేరుతో హోటళ్ళలో ఇచ్చేవీ చాలామటుకు రంగునీళ్ళు, పాకమే. మందులో ఉండే కారం, చేదు, గొంతులో తగిలే మంట తీసేస్తే మిగిలేది తీపి ఒక్కటే. అందుకే రెండు గుక్కల తర్వాత వెగటు పుడుతుంది. ఆ ఖాళీని వేరేవాటితో నింపాలి. లూమీతో చేదు, పులుపు వస్తాయి. అల్లం, మిరియాలతో మంట వస్తుంది. చిటికెడు ఉప్పు వీటన్నిటినీ కలుపుతుంది. ఇక పొగ, ఆకుల వాసన ఉంటే గుటక దిగాక కూడా నోట్లో ఏదో మిగిలే ఉంటుంది. ఆలోచిస్తే ఇది మనకి కొత్తేమీ కాదు. శ్రీరామనవమి పానకంలో మిరియాలెందుకు వేస్తాం? వేసవిలో మంచినీళ్ళ కుండలో వట్టివేళ్ళెందుకు వేసేవాళ్ళు? దాలిగుంటలో పిడకల మీద నెమ్మదిగా కాగిన పాల మీగడకి ఉండే పొగవాసన, స్టవ్ మీద కాచిన పాలకి ఎందుకు రాదు? తాగేదాంట్లో వాసన సగం పని చేస్తుందని మన పెద్దవాళ్ళకి తెలుసు.

పొగవాసన పానీయాల్లో ఎంత సున్నితంగా ఉండొచ్చో చూడాలంటే జబల్ అఖ్దర్ వెళ్ళాలి. పేరుకి 'పచ్చ కొండ'. మస్కట్ నుంచి నిజ్వా వైపు వెళ్ళి, బిర్కత్ అల్ మౌజ్ దగ్గర కొండెక్కాలి. ఆ ఊరి పేరుకి అరటి కొలను అని అర్థం. నిజంగానే అరటితోటలుంటాయి, వాటి మధ్య అల్ ఖత్మీన్ అనే ఫలజ్ కాలువ పారుతుంది. ఒమన్‌లోని ఇలాంటి అయిదు కాలువల్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి పోలీసు చెక్‌పోస్టులో ఫోర్ వీల్ డ్రైవ్ కారు లేనివాళ్ళని పైకి పంపరు. సుమారు రెండువేల మీటర్ల ఎత్తున సైక్ పీఠభూమి, మెట్లుమెట్లుగా పొలాలు. మార్చి చివర్నుంచి ఏప్రిల్ దాకా అక్కడ గులాబీలు పూస్తాయి. తెల్లవారుజామునే కోసేస్తారు.

పాతకాలపు పద్ధతిలో పన్నీరు తీసే ఇల్లొకటి చూశాం. మట్టితో కట్టిన పొయ్యి, కింద కట్టెలు, పైన మట్టికుండలు. కుండలో రేకలు, నీళ్ళు, మధ్యలో చిన్న గిన్నె. మూతగా చల్లటి నీళ్ళు పోసిన రాగిపాత్ర. ఆవిరి ఆ పాత్ర అడుగున చల్లబడి, చుక్కచుక్కగా లోపలి గిన్నెలో పడుతుంది. కొన్ని వారాలు తేరనిచ్చి సీసాల్లో పోస్తారు. దుకాణంలో దొరికే తెల్లటి పన్నీరులా ఉండదు. రంగు కాస్త ముదురు, వాసనలో కట్టెపొయ్యి స్పష్టంగా తెలుస్తుంది. అరచెంచా చాలు, గ్లాసంతా కొండమీది వంటిల్లవుతుంది. ఇప్పుడు స్టీలు యంత్రాల్లో తీసే పన్నీరు కూడా అమ్ముతున్నారు. పొగవాసన కావాలంటే కట్టెపొయ్యిదని అడిగి తీసుకోండి. అక్కడే కొండల్లో పెరిగే జాతర్ ఆకు కూడా కట్టలుగా అమ్ముతారు. పేరు విని మా పిల్లలు అమ్మవారి జాతర అని నవ్వారు కానీ, వాసన చూస్తే వాము గుర్తొస్తుంది.

ఇక లుబాన్. దక్షిణాన ధోఫార్‌లో బోస్వెలియా సాక్రా అనే చెట్టుకి గాటు పెడితే కారే జిగురు ఇది. ఆ లుబాన్ నేలని కూడా యునెస్కో 2000లో వారసత్వ జాబితాలో చేర్చింది. మేలురకాన్ని హొజరి అంటారు, లేత ఆకుపచ్చ చాయలో ఉంటుంది. మట్టి కూజాకి లుబాన్ పొగ పట్టించి, అందులో మంచినీళ్ళు పోసే అలవాటు ఇక్కడ పాతది. నేను గ్లాసుకి చేసేదీ అదే. మామూలు బొగ్గు కణిక మీద శనగగింజంత లుబాన్ వేసి, ఫ్రిజ్‌లోంచి తీసిన తడి గ్లాసుని పొగ మీద పావు నిమిషం బోర్లిస్తాను. చల్లటి తడికి పొగ బాగా పట్టుకుంటుంది. ఎక్కువసేపు ఉంచితే మందుల షాపు వాసనొస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. అగ్గిపుల్లకే అంటుకునే బొగ్గు బిళ్ళల్లో రసాయనాలుంటాయి, అవి వాడొద్దు. పూజ కోసం అమ్మే సాంబ్రాణి కప్పులు కూడా వద్దు, వాటిలో సెంటు కలుపుతారు. కిటికీలు తీసే చేయండి. లుబాన్ నానబెట్టిన నీళ్ళు ఇక్కడివాళ్ళు తాగుతారు కానీ, గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా తాగొద్దు. మా ఏడో నెల అమ్మాయికి పొగ పట్టని గ్లాసే ఇచ్చాం.

మా ఇంట్లో కుదిరిన మూడు కొలతలు, ఒక్కొక్కరికి:

లూమీ పానకం: లూమీ నీళ్ళు చల్లారాక 120 మిల్లీలీటర్లు, బెల్లం తురుము రెండు టీస్పూన్లు, అల్లం రసం అర టీస్పూను, మిరియాల పొడి, ఉప్పు చిటికెడు చొప్పున. కలిపి వడగట్టి ఐసు వేయాలి. లూమీ నీళ్ళు ఫ్రిజ్‌లో మూడురోజులుంటాయి.

పొగ నిమ్మసోడా: పొగ పట్టిన గ్లాసులో నాలుగు టీస్పూన్ల నిమ్మరసం, రెండు టీస్పూన్ల ఖర్జూరపు పాకం, చిటికెడు ఉప్పు, 150 మిల్లీలీటర్ల సోడా. జాతర్ రెమ్మని అరచేతుల మధ్య ఒక్కసారి చరిచి వేయాలి. నలిపితే చేదొస్తుంది.

బత్తాయి పన్నీరు: బత్తాయి రసం 100 మిల్లీలీటర్లు, కట్టెపొయ్యి పన్నీరు అర టీస్పూను, లూమీ పొడి చిటికెడు, నాలుగు పుదీనా ఆకులు. బత్తాయి దొరక్కపోతే నారింజ. షుగరున్నవాళ్ళకి రసం సగం చేసి, మిగతా సగం సోడా పోస్తాను.

డల్లాస్‌లో ఉన్నా, లండన్‌లో ఉన్నా ఇరానీ, అరబ్ కిరాణా కొట్లలో లూమీ దొరుకుతుంది. జాతర్ దొరక్కపోతే థైమ్ రెమ్మ, అదీ లేకపోతే పెరట్లో వామాకు.

మా గుంపులో ఇప్పుడొక కొత్త పద్ధతి పెట్టుకున్నాం. ఎవరింట్లో పార్టీ అయినా అందరికీ ఒకే రకం గ్లాసులు, అన్నీ ఒకే బల్ల మీద. గ్లాసులో ఏముందో ఎవరూ అడగరు. మా స్నేహితురాలి భర్త పోయిన గురువారం పదకొండు దాకా ఉన్నాడు, పేకాటలో నలుగురినీ ఓడించి మరీ వెళ్ళాడు. ఆమె నాకేం చెప్పలేదు, వెళ్తూ వెళ్తూ పొడిగుడ్డతో గ్లాసులన్నీ తుడిచిపెట్టింది. అక్క కూడా ఒక శుక్రవారం భోజనానికొచ్చి, సోఫాలో కూర్చుని లూమీ పానకం తాగింది. "బాగుందండి. కాకపోతే నిమిషం ఎక్కువ మరిగింది మేడమ్" అంది.