దాణా ముందు, దౌడు తర్వాత

ఏమండీ, మన సినిమాల్లో ఇప్పటిదాకా ఎన్ని గుర్రాలు చూసుంటారు? కత్తి కాంతారావు గారి రోజుల దగ్గర మొదలెట్టి మగధీర (2009), రుద్రమదేవి (2015), సైరా (2019) దాకా వరసగా గుర్తు తెచ్చుకోండి. వాటిలో ఒక్క గుర్రమైనా తీరిగ్గా గడ్డి తింటుండగా చూశారా? హీరో ఎగిరి కూర్చోవడం, దుమ్ము లేవడం, దిగగానే కళ్ళెం ఎవరి చేతికో విసిరేయడం, ఇంతే కదా! ఇవాళ్టి కబుర్లు ఆ కళ్ళెం అందుకునే వాళ్ళ గురించి.

ఫిల్మ్‌నగర్‌లో నిర్మాతల ఆఫీసులున్నాయి, స్టూడియోలున్నాయి, కథలు చెప్పేవాళ్ళు కోకొల్లలు. గుర్రపుసాలలు మాత్రం కనబడవు. గజం ధర వింటేనే మనిషికి కళ్ళు తిరిగే జూబ్లీహిల్స్‌లో గుర్రాలకు చోటెక్కడిది? గోల్కొండ దాటి అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపున్న రైడింగ్ స్కూళ్ళ దారి పట్టాల్సిందే. రాజుల కథ ఒప్పుకున్న హీరో తెల్లారకుండానే అటు పరిగెడతాడు. వేసవి సెలవులొస్తే పిల్లల్ని కార్లో వేసుకుని అమ్మానాన్నలూ అటే.

ఇంటిల్లిపాదీ కలిసి నడిపే రైడింగ్ స్కూల్ ఎలా ఉంటుందంటారా? ఒకరు పాఠం చెబుతారు, ఒకరు దాణా లెక్క చూస్తారు, పెద్దాయనెవరో కుర్చీలో కూర్చునే ఏ గుర్రం కుంటుతోందో కనిపెడతాడు. సంక్రాంతి లేదు, దసరా లేదు. పండగని చెప్పి గుర్రాన్ని పస్తు పెట్టలేరు కదా.

కొనడానికేముంది, డబ్బుంటే ఎవరైనా కొంటారు. విజయనగరాన్నేలిన సాళువ నరసింహరాయలు ఓర్ముజ్, ఏడెన్ల నుంచి గుర్రాలు తెప్పించేవాడట. దారిలో ఓడలో చచ్చిపోయినా సరే, తోక తెచ్చి చూపిస్తే బతికున్నదానికిచ్చే ధరే కట్టిచ్చేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. మేపడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెనాలి రామలింగడి గుర్రం కథ మనందరికీ తెలిసిందే. ఆకలికి తాళలేక, చూడ్డానికొచ్చినాయన గడ్డాన్నే గడ్డి అనుకుని పట్టేసింది!

‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్నారు పెద్దలు. నాలుగున్నర క్వింటాళ్ళ గుర్రానికి రోజుకు తొమ్మిది కిలోల దాకా ఎండుమేత కావాలి, పాతిక ముప్పై లీటర్ల నీళ్ళు కావాలి. ఉలవలు, ఓట్స్, తవుడు ఆపైన. ఆరేడు వారాలకోసారి లాడాల ఖర్చు. అన్నిటినీ మించిన భయం కడుపునొప్పి. అంత ఒంటికి దాని పొట్ట చిన్నది, పైగా వాంతి చేసుకునే వీలు లేదు. బూజు పట్టిన గడ్డి తిన్నా, మేత ఉన్నట్టుండి మార్చినా ప్రాణం మీదికొస్తుంది. అందుకే కొంచెం కొంచెంగా, పలుమార్లు పెడతారు. అర్ధరాత్రి అది నేల మీద దొర్లుతూ పొట్ట వైపు చూసుకుంటోందంటే ఇంట్లో ఇక ఎవరికీ నిద్రుండదు.

పొద్దున్నే గుర్రాల్ని చూసుకునే సైసు పని చూసి తీరాలి. వెనకనుంచి వెళ్ళడు, సరిగ్గా తోక వెనక ఉన్నది గుర్రానికి కనబడదు. భుజం దగ్గర నిలబడి పలకరిస్తాడు, అరచెయ్యి కాలి మీదుగా కిందికి జార్చి మడమ దగ్గర నొక్కుతాడు. ఆ చెయ్యి ఎవరిదో తెలిసిన గుర్రం తనే కాలెత్తి ఇస్తుంది. ఇనప కొక్కెంతో డెక్కలో ఇరుక్కున్న మట్టీ, గులకరాళ్ళూ గీకేస్తాడు. వానాకాలంలో ఈ పని రెండ్రోజులు మానితే చాలు, డెక్క మెత్తబడి కుళ్ళువాసన కొడుతుంది.

ఇంకో తమాషా చెప్పనా? ఇలాంటి రైడింగ్ స్కూళ్ళకు వచ్చే గుర్రాల్లో రేసులు మానినవి బోలెడు. మలక్‌పేటలో రేసులు 1886లోనే మొదలయ్యాయి. రెండో ఏటే పరుగు మొదలెట్టిన గుర్రం ఏడెనిమిదేళ్ళకల్లా రిటైరైపోతుంది. దాని ఆయుష్షేమో పాతికేళ్ళు! ఉరకడం తప్ప ఇంకేమీ నేర్పనిదానికి ఇప్పుడు నెమ్మదిగా నడవడం, పిల్లాడు ఎక్కేదాకా కదలకుండా నిలబడ్డం నేర్పాలి. నెలలు పడుతుంది. అదయ్యాకే మీవాడికి పాఠం.

షూటింగుకు తోలుకెళ్ళాలన్నా ఇప్పుడు ఊరికే కుదరదు. 2001 నాటి నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి. అయినా 2021లో హైదరాబాద్ శివార్లలో ఓ భారీ సినిమా షూటింగ్‌లో గుర్రం చచ్చిపోయి కేసు దాకా వెళ్ళింది. కాగితం మీద అనుమతి ఉంటే చాలదు, ‘ఇక చాలు, ఇది అలిసిపోయింది’ అని డైరెక్టరు మొహం మీదే చెప్పగల యజమాని పక్కన ఉండాలి.

కాబట్టి మీవాణ్ణి చేర్పించేటప్పుడు టోపీ, బూట్లు ఎక్కడ దొరుకుతాయని తర్వాత అడగొచ్చు. ముందు గుర్రానికి రోజుకు ఎన్ని క్లాసులు, మధ్యలో విశ్రాంతి ఎంత అని అడగండి. మొదటి వారం చీపురిచ్చి లద్దె ఎత్తమన్నారా? ఫీజు దండగైందని గొణక్కండి. ఆ బడి మంచిదే, వాణ్ణి అక్కడే ఉంచండి.