గొయ్యి కప్పినవాడు



నిర్గమకాండము 21వ అధ్యాయాన్ని మనలో చాలామంది తొందరగా దాటేస్తారు. ఎద్దులు, గాడిదలు, దెబ్బలు, నష్టపరిహారాలు, ఇవే కనిపిస్తాయి. కానీ 33, 34 వచనాలు ఒక్కసారి నిదానంగా చదవండి. ఒకడు గొయ్యి తవ్వి కప్పకుండా వదిలేశాడు. అందులో పొరుగువాని ఎద్దో గాడిదో పడి చచ్చింది. అప్పుడు ఆ గొయ్యి యజమాని దాని వెల చెల్లించాలి. "నేను తోయలేదు కదా, అదే వచ్చి పడింది" అంటే దేవుడు ఒప్పుకోలేదు. కప్పకపోవడమే తప్పుగా లెక్క కట్టాడు.

ఈ వాక్యం నాకు పల్నాడులో కళ్ళకు కట్టినట్టు అర్థమైంది.

వేసవిలో మన సంఘ యౌవనస్థులు ముగ్గురితో కలిసి సాగర్ రోడ్డు మీదుగా మాచర్ల దాటి, వినుకొండ వైపు ఒక పల్లెలో కూడికకు వెళ్ళాను. అగ్నిగుండాల, బండ్లమోటు ఊళ్ళు ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుండి పల్నాడు జిల్లా. బండ్లమోటు కొండలో సీసం, దగ్గర్లోని నల్లకొండలో రాగి ఉన్నాయి. అప్పట్లో ప్రభుత్వ సంస్థ అయిన హిందుస్తాన్ జింక్ బండ్లమోటులో గని నడిపి సీసపు ఖనిజం తీసింది. ఆ గని మూతపడి చాలా కాలమైంది. ఆ సంస్థ రాకముందే, ఎప్పుడో పూర్వకాలంలో ఎవరెవరో తవ్వి వదిలేసిన గుంతలు కూడా ఆ గుట్టల్లో ఉన్నాయి.

మాకు భోజనం పెట్టిన పెద్దాయన ఆ గనిలో పని చేసినవారు. గూట్లో నుండి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టారు. నిమ్మకాయంత రాయే, కానీ చెయ్యి కిందికి వాలింది. విరిగిన చోట అద్దంలా మెరుస్తోంది. దాని పేరు గలీనా, సీసమూ గంధకమూ కలిసిన ఖనిజం. సీసం నీటికంటే పదకొండు రెట్లు బరువు. ఎర్రసముద్రంలో ఫరో సైన్యం మునిగిన తీరును మోషే తన కీర్తనలో సీసంతో ఎందుకు పోల్చాడో ఆ రాయి పట్టుకుంటే తెలుస్తుంది.

సాయంత్రం గుట్ట వైపు నడుస్తుంటే, ఒక రైతు పట్టా భూమి అంచున అలాంటి పాత గుంత ఒకటి కనిపించింది. చుట్టూ ముళ్ళకంప వేసి ఉంది. మన పిల్లలకు ఉత్సాహం వచ్చేసింది.

"అయ్యగారూ, ఒక్క ఐదు నిమిషాలు. లోపలికి పోయి వీడియో తీసుకొని వచ్చేస్తం."

పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు. "లోపలికి పోమాకండి నాయనా. వెనకటి రోజుల్లో దీపం పట్టుకొని దిగేవాళ్ళు. గాలి చెడితే ముందు దీపం ఆరేది, మనిషి వెనక్కొచ్చేవాడు. మీ సెల్‌ఫోన్ లైటు ఆరదు. మనిషే ఆరిపోతాడు."

పాడుబడిన గనుల్లో పైకప్పు కూలడం ఒక్కటే ప్రమాదం కాదు. గాలి ఆడని చోట ప్రాణవాయువు తగ్గిపోతుంది. వాసన ఉండదు, కంటికి కనబడదు. నీళ్ళు నిండిన లోతైన గుంతలు చీకట్లో నేలలాగే కనిపిస్తాయి. పైగా అది ఇంకొకరి భూమి. అడగకుండా అడుగు పెట్టే హక్కు మనకు లేదు. యౌవనస్థులారా, ఎవరూ కాపలా లేని చోటు ఎవరిదీ కాని చోటు అనుకోవద్దు.

అంతలో ఆ రైతే వచ్చాడు. ఈ కంప ఎవరు వేశారని అడిగాను.

"నేనేనండి. ఏటా వానలకు కుళ్ళిపోతది, మళ్ళీ కొట్టి ఏస్తా. మేకలు మేస్తయి, పిల్లకాయలు తిరుగుతారు."

"ఈ గుంత మీ వాళ్ళు తవ్విందా?"

"కాదండి. మా తాత పుట్టకముందు నుంచీ ఉంది."

ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. తవ్వింది ఆయన కాదు. అందులో దొరికిన సీసంతో లాభపడిందీ ఆయన కాదు. ధర్మశాస్త్రం ప్రకారం లెక్క చెప్పాల్సినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. అయినా ఈ మనిషి ఏటా చేతులకు ముళ్ళు గుచ్చుకుంటున్నా పొరుగువాని మేకపిల్ల కోసం కంప కొడుతున్నాడు.

ప్రియులారా, సువార్త ఇదే కదా! పాపమనే గొయ్యి తవ్వింది మనం. వెల చెల్లించాల్సింది మనం. ఆ గొయ్యి తవ్వని ప్రభువు ముళ్ళు ధరించి, తానే వెల చెల్లించాడు. క్రీస్తు మనకోసం ఇంత చేశాక, "అది నేను తవ్వింది కాదు, నాకెందుకు" అనే మాట విశ్వాసి నోట రావచ్చా?

ఇది మన మీర్‌పేట్‌కు దూరమైన సంగతి కాదు. నీళ్ళు పడని బోరు కూడా గొయ్యే. 2017 జూన్‌లో మన రంగారెడ్డి జిల్లాలోనే, చేవెళ్ళ దగ్గర ఒక ఊరిలో ఏడాదిన్నర పాప అలాంటి బోరులో పడి చనిపోయింది. వదిలేసిన బోరును అడుగు నుండి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మోషే ద్వారా దేవుడు ఎప్పుడో చెప్పిన మాటే అది.

కాబట్టి వచ్చే ఆదివారం లోపు ప్రతి కుటుంబం ఒక పని చేయండి. మీ స్థలంలో, మీ ఊళ్ళోని పొలంలో, ఇల్లు కడుతున్న చోట, మూత లేని బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు గుంత ఉంటే కప్పండి. పక్కవాళ్ళది అయితే వెళ్ళి మర్యాదగా చెప్పండి. వాళ్ళు కదలకపోతే మీరే ఒక బండ అడ్డం పెట్టండి. పెద్దమాటలతో పొరుగువాణ్ణి ప్రేమిస్తున్నామని చెప్పడం కంటే ఆ బండ మోయడం మేలు.

ఇంట్లో తెరిచి పెట్టిన గోతులు కూడా చూసుకోండి. అన్నదమ్ముల మధ్య తేల్చని అప్పు, ఒకరి గురించి నలుగురిలో అని వెనక్కి తీసుకోని మాట. మీరు మరిచిపోయి ఉండవచ్చు. మీ వెనక నడిచే చిన్నవాడు అందులోనే పడతాడు.

ప్రభువా, మేము తవ్వినవాటిని కప్పే యథార్థతను, మేము తవ్వనివాటిని సైతం కప్పే ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.