లోపలికి తెరుచుకునే కిటికీ

కిటికీలు రెండు రకాలు. బయటికి తెరుచుకునేవి, లోపలికి తెరుచుకునేవి. యాభై యెనిమిదేళ్లు నిండేదాకా ఈ తేడావల్ల సంసారంలో చిక్కులు వస్తాయని నాకు తెలియదు.

మా రాజమండ్రి ఇల్లు తాతగారు కట్టించినది. గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల. పడమటి గదికి సందువైపు ఒకే ఒక పెద్ద కిటికీ. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల యెత్తు. ఇనప ఊచలు బయటివైపు, అద్దాలు బిగించిన టేకు రెక్కలు లోపలివైపు. సందు ఇరుకు గనక, రెక్కలు బయటికి తెరుచుకుంటే దారినపోయేవాళ్ల నుదుళ్లకు తగులుతాయని ఆయన అలా పెట్టించారట. సాయంత్రం ఆ కిటికీలోంచి గోదావరి మీది గాలి వస్తుంది. గాలితోపాటు గోదావరి మీది యెండా వస్తుంది.

ఆ గది మా అమ్మది. మొన్న మార్చిలో ఆమె కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. డాక్టరుగారు నల్లకళ్లద్దాలిచ్చి, కొన్నాళ్లపాటు కంటిమీద యెండ పడకుండా చూసుకోమన్నారు. అమ్మకు యెనభై మూడేళ్లు. మధ్యాహ్నం కాఫీ తాగి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, సందులో పోయేవాళ్లందరినీ పలకరించడం ఆమె దినచర్య. సరిగ్గా ఆ కుర్చీమీదే మూడింటినుంచీ యెండ పడుతుంది.

"ఓ పాతచీర కడితే సరిపోదుటండీ?" అంది మా ఆవిడ. నాకు నచ్చలేదు. ఫోనులో వెతికి, పైన గొట్టానికి చుట్టుకుని, పూసల గొలుసు లాగితే దిగే రకం తెర తెప్పించాను. రెండువేల నాలుగువందలు. కొలతలు నేనే తీశాను. నాలుగు, అయిదు. రెక్కలు తెరిస్తే గదిలోకి రెండేసి అడుగులు వస్తాయన్న సంగతి ఆ కొలతల్లో లేదు. టేపుకు అంత తెలివి వుండదు. పట్టుకున్నవాడికి వుండాలి.

పనివాడు వచ్చి గోడకు చిల్లులు పొడిచి బిగించి వెళ్లాడు. గొలుసు లాగాను. తెర దిగింది. గదిలో చల్లని చీకటి పరుచుకుంది. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. తరవాత తెర చుట్టేసి కిటికీ తెరవబోతే, రెక్క పైఅంచు గొట్టానికి కొట్టుకుని ఆగిపోయింది. బెత్తెడు కూడా రాలేదు.

మర్నాడు గొట్టాన్ని అరడుగు పైకి జరిపించాను. ఈసారి రెక్కలు తెరుచుకున్నాయి. కాని తెర దించితే రెక్కలు తీయరాదు, రెక్కలు తీస్తే తెర దించరాదు. గాలి కావాలంటే యెండనూ రమ్మనాలి, యెండ వద్దంటే గాలినీ పొమ్మనాలి. పక్కింటాయన వచ్చి, రెక్కకే కిందా పైనా సన్నని కడ్డీలు పెట్టి గుడ్డ బిగించమన్నారు. రెక్కతోపాటు గుడ్డా తిరుగుతుంది, నిజమే. కాని తెరిచిన రెక్కమీది గుడ్డ నీడ గోడకేగాని అమ్మ కంటికి కాదు గదా!

"ప్రస్తుతానికి మూసే వుంచమ్మా" అని చెప్పి ఆఫీసుకు పోయాను.

నాలుగోరోజు పెందలాడే ఇంటికి వచ్చాను. ఆ గదిలో అడుగు పెడితే పొయ్యి దగ్గరికి వెళ్లినట్టుంది. దిగివున్న తెరను ముట్టుకుంటే వేడి. అమ్మ కిటికీకి వీపుపెట్టి, ఫ్యాను తిరుగుతూ వున్నా విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది. జాకెట్టు తడిసిపోయింది.

"తెర చుట్టి కిటికీ తెరుచుకోలేకపోయావా అమ్మా?"

"డబ్బుపోసి తెచ్చావు. రెండుసార్లు గోడకు చిల్లులు పొడిపించావు. తీసేస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని..."

నాకు నోట మాట రాలేదు. నాలుగురోజులుగా ఆమె సందులో యెవరినీ పలకరించలేదు. కూరగాయలమ్మి మా ఆవిణ్ణి అడిగిందట, "పెద్దమ్మగారు వూళ్లో లేరా?" అని.

ఆ రాత్రి జర్మనీనుంచి మా అబ్బాయి ఫోను చేస్తే ఈ గోడు చెప్పుకున్నాను. వాడు నవ్వాడు. "ఇక్కడ కిటికీలు చాలావరకు లోపలికే తెరుచుకుంటాయి నాన్నా. యెండనాపే తెర చాలా ఇళ్లకు బయటే వుంటుంది. లోపలినుంచి పట్టీ వదిలితే దిగుతుంది. యెండ అద్దం దాటి వచ్చాక ఆపి యేం లాభం? తెర వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోనే వుండిపోతుంది. బయటే ఆపితే గాలికి పోతుంది" అన్నాడు.

అమ్మ వింటూనే వుంది. "మీ తాతగారు చేసిందీ అదేగా! వేసవిలో వట్టివేళ్ల తడికలు బయటే కట్టించి నీళ్లు చల్లించేవారు. చూరుకింద కొక్కేలు చూడలేదుట్రా?"

చూశాను. యాభై యేళ్లుగా చూస్తున్నాను. ఇంటికి వెల్ల వేయించినప్పుడల్లా వాటికీ వేయించాను. అవి దేనికని ఒక్కనాడూ అడగలేదు.

మర్నాడే వెదురు పనిచేసే వాళ్ల దగ్గరికి వెళ్లి సన్నని బద్దల తెర అల్లించాను. పక్కనుంచి యెండ దూరకుండా అటూ ఇటూ జానెడేసి యెక్కువ. కొన్న తెర ధరలో సగం కూడా కాలేదు. తాతగారి కొక్కేలకే వేలాడదీసి, కప్పీమీదుగా తాడు వేసి, ఊచల మధ్యనుంచి లోపలికి తెచ్చి మేకుకు చుట్టాం. గాలికి కొట్టుకోకుండా అడుగుబద్దను ఊచలకు ముడివేశాం. రెక్కలు బయటికి తెరుచుకునేవే అయితే ఈ తెరను తన్నేసేవి. యే గుణానికి నాలుగురోజులు కిటికీని తిట్టానో, ఆ గుణమే చివరికి అక్కరకు వచ్చింది.

ఇప్పుడు మూడు కొట్టగానే అమ్మ తాడు వదులుతుంది. రెక్కలు బార్లా తీసి వుంటాయి. బద్దల సందుల్లోంచి గాలి వస్తుంది, వెలుగు జల్లెడ పట్టినట్టు మెత్తగా వస్తుంది. అమ్మకు సందు కనిపిస్తుంది, సందులోవాళ్లకు అమ్మ కనిపించదు. నిన్న కూరగాయలమ్మి తనను పిలిచిందెవరో తెలియక దిక్కులు చూస్తే, అమ్మ చిన్నపిల్లలా పకపకా నవ్వింది.

రెండువేల నాలుగువందల తెర అటకమీద వుంది. మా ఆవిడ దాని మాట యెత్తదు. నేను టేపు చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం, "ముందు అత్తయ్యగారిని అడిగారా?" అంటుంది.