పప్పు నానబోసి నాటకానికి వెళ్లాం!

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పింది. ఫలితాలు వచ్చిన పది రోజులూ మా ఇంట్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడలేదంటే నమ్మండి! మావారు పేపరు అడ్డం పెట్టుకునేవారు. నేను నా కోపమంతా గిన్నెల మీద చూపించేదాన్ని. అదేమో గది తలుపేసుకుని కూర్చునేది.

సరిగ్గా అప్పుడే మా అత్తయ్యగారు, "రవీంద్రభారతిలో సురభి వాళ్లు మాయాబజార్ వేస్తున్నారట. అందరం వెళ్దామే" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో పరిస్థితేమిటి, ఈవిడ సరదా ఏమిటి! పైగా ఇడ్లీకి పప్పు నానబోసుకున్నాను. 1957లో వచ్చిన ఆ సినిమాని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు, మళ్లీ నాటకం కూడానా అనుకున్నాను. కానీ పెద్దావిడ మాట కాదనలేం కదా! "నువ్వు రాకపోతే నేనూ వెళ్లను" అని మనవరాల్ని కూడా లాక్కొచ్చారు.

తెర లేచింది. హార్మోనియం, తబలా మోగుతున్నాయి. నటులే గొంతెత్తి పాడుతున్నారు. మొదటి అరగంటా నా మనసు పప్పు మీదే ఉంది. ఘటోత్కచుడు వచ్చాక పప్పు సంగతే మర్చిపోయాను! లడ్డూలు వాటంతటవే లేచి ఆయన నోట్లోకి వెళ్తుంటే, అదంతా కిటుకేనని తెలిసి కూడా చిన్నపిల్లలా నోరు తెరుచుకుని చూశాను.

మాయా శశిరేఖ లక్ష్మణకుమారుణ్ణి హడలగొడుతుంటే నా పక్కన ఎవరో కిసుక్కుమన్నారు. చూద్దును కదా, మా అమ్మాయే! నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటూ నా భుజం మీద వాలిపోయింది. దాన్ని చూసి మావారూ నవ్వేశారు. నాకు మాత్రం ఎందుకో గొంతు పట్టేసింది.

దారిలో అత్తయ్యగారి కబుర్లే కబుర్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైందట ఈ నాటక సంప్రదాయం. తరతరాలుగా ఆ కుటుంబాలవాళ్లే ఆడా మగా పిల్లా జెల్లా వేషాలు కడతారట. "మా చిన్నప్పుడు వాళ్లు డేరా వేశారంటే అమ్మ వంట తొందరగా ముగించి మమ్మల్ని తీసుకెళ్లేదమ్మా" అన్నారు. ఆవిడ అంత హుషారుగా మాట్లాడి ఎన్నాళ్లయిందో!

రాత్రి పదకొండింటికి పప్పు రుబ్బుతుంటే అమ్మాయి వంటింట్లోకొచ్చింది. కాసేపు మాయా శశిరేఖలా కళ్లెర్రజేసి నన్ను బెదిరించింది. తర్వాత నెమ్మదిగా, "అమ్మా, సప్లిమెంటరీకి ఎల్లుండిలోగా ఫీజు కట్టాలి. రాస్తానే" అంది. పది రోజులుగా నేను అడగలేకపోయిన మాట, అది చెప్పలేకపోయిన మాట.

నేను నోరు తెరిచేలోపే హాల్లోంచి మావారి గొంతు. "రేపు నేను కట్టేస్తాలే. వెళ్లి పడుకో."

పిండి పులియడానికి టైము చాలక పొద్దున ఇడ్లీలు కాస్త గట్టిగానే వచ్చాయి. ఒక్కరూ వంక పెట్టలేదండీ!