ఉప్పుగాలికి పూసే బాలబంది తీగ

ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్లు కాలువలకు మళ్లుతాయి. అక్కణ్ణుంచి సముద్రం దాకా వెళ్తే దారిపొడుగునా ఊదారంగు గరాటు పువ్వులు కనిపిస్తాయి. అన్నీ ఒకే మొక్కవి అనిపిస్తుంది కానీ కాదు. చిలగడదుంపకు చుట్టాలైన మూడు వేర్వేరు మొక్కలవి. పువ్వును చూసి తేల్చుకోలేం. ఆకునూ కాడనూ చూడాలి.

కాలువ నీళ్లమీద తేలుతూ పాకేది తూటికూర. కాడ లోపల డొల్ల, ఆకు కొనదేరి ఉంటుంది. వండుకు తింటారు. గట్టున నిలువెత్తు పొదగా లేచేది లొట్టపీచు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. తుంచితే పాలు కారతాయి. తినడం మరిగిన మేకలు జబ్బుపడతాయి.

మూడోదాని కోసం మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవికి పోవాలి. వేణుగోపాలస్వామి గుడి దాటి పాలకాయతిప్ప తీరం చేరితే, పోటు అందని ఇసుక మీద బాలబంది తీగ పరుచుకుని ఉంటుంది. చెవులపిల్లి తీగ అనీ అంటారు. దళసరి ఆకు కొసన చీలి మేకగిట్టలా ఉంటుంది. ఆ చీలికే దాని గుర్తు. పక్కనే రావణాసురుడి మీసాల గడ్డి, వెనక సరుగుడు తోటలు, పాయల వెంట మడ అడవులు.

ఈ తీగ బతుకంతా ఇసుకతోనే. కణుపు కణుపుకూ వేరు దించుతుంది. ఇసుక కప్పేస్తే పైకి చిగురిస్తుంది. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక దానికి తగిలి ఆగి, మెల్లగా దిబ్బ కడుతుంది. నూగు కప్పిన విత్తనాలు ఉప్పునీటిలో నెలల తరబడి తేలి ఎక్కడో ఒడ్డున మొలుస్తాయి. అందుకే ఉష్ణమండల తీరాలన్నిటా ఈ తీగ ఉంది.

1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన ఈ దివిసీమకు ఇసుకదిబ్బ విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. పైగా ఇప్పుడు కృష్ణ తెచ్చే ఒండ్రు చాలావరకు శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లోనే ఆగిపోతోంది. డెల్టా అంచు కొన్నిచోట్ల కోసుకుపోతోంది. ఉన్న ఇసుకనైనా పట్టి ఉంచే ఈ తీగను పిచ్చిమొక్క కింద జమకట్టి పీకేయడం నా దృష్టిలో పెద్ద నష్టం.

చూడదలిస్తే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుపోతుంది. బండి రోడ్డు మీదే ఆపి ఇసుకలో నడవండి. చక్రాలు తిరిగినచోట తీగ తెగుతుంది, ఇసుక మళ్లీ గాలిపాలవుతుంది.