చర్మం చేసుకొనే హార్మోన్లు, అరికాలి నల్లమచ్చ

హార్మోన్ అనగానే మీకు థైరాయిడ్ గ్రంథి, క్లోమం, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు గుర్తుకు వస్తాయి. నేను వైద్యవిద్య చదివిన రోజుల్లో మాకు నేర్పినదీ అంతే. గ్రంథి హార్మోనును రక్తంలోకి వదులుతుంది, రక్తం దానిని దూరానికి మోసుకుపోతుంది. చర్మం మాట వస్తే, అది ఒంటికి కప్పిన దుప్పటి అని సరిపెట్టుకొనేవాళ్ళం. ఆ దుప్పటి తనకు కావలసిన హార్మోన్లు కొన్నింటిని తానే తయారుచేసుకొని, అక్కడికక్కడే వాడుకొంటుందని 1990ల నుంచి క్రమంగా రుజువవుతూ వచ్చింది. పోలండ్ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన ఆండ్రెజ్ స్లొమిన్‌స్కీ ఈ రంగంలో ముఖ్యుడు. ఈ శాస్త్రం మనకెందుకని అనుకోకండి. చర్మ క్యాన్సర్ విషయంలో మన ప్రాంతపు అపోహలు కొన్ని దీనితో తేలిపోతాయి.

మన తిరుపతి ఎండతోనే మొదలుపెడతాను. స్విమ్స్‌లో ఎండోక్రైనాలజీ ఆచార్యులుగా పనిచేసిన డాక్టర్ సి.వి. హరినారాయణ్, సహచరులతో కలిసి ఒక చక్కని ప్రయోగం చేశారు. మన చర్మంలో సహజంగా ఉండే 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అనే పదార్థాన్ని గాజు గొట్టాల్లో పోసి, మూతి మూసి, ఉదయం నుంచి సాయంత్రం వరకు గంటగంటకూ ఇక్కడి ఎండలో ఉంచి చూశారు. అది విటమిన్ డి తొలిరూపంగా మారడం 11 గంటలకూ 2 గంటలకూ మధ్య అత్యధికమని తేలింది. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. పేరుకు విటమిన్ గానీ అది హార్మోనే. కాలేయమూ మూత్రపిండమూ కలిసి దానిని చురుకైన రూపానికి తెస్తాయని మీరు వినే ఉంటారు. ఆ రెండు పనులూ చర్మకణం ఒంటరిగానే చేసుకోగలదు. అలా తయారైన హార్మోన్ చర్మకణాల విభజనకు పగ్గం వేసి, వాటిని పక్వానికి తెస్తుంది. సోరియాసిస్‌కు రాసే కాల్సిపోట్రియాల్ లేపనం పనిచేసేది ఈ సూత్రం మీదే. విచిత్రమేమంటే, ఈ పగ్గాన్ని తయారుచేసే అతినీలలోహిత కిరణాలే కణంలోని డీఎన్ఏను దెబ్బతీసి క్యాన్సర్‌కు బీజం వేసేవి కూడా.

ఆ దెబ్బకు చర్మం ఇచ్చే సమాధానం మరింత ఆసక్తికరమైనది. 2007లో బోస్టన్ పరిశోధకులు దాని క్రమాన్ని విప్పిచూపారు. డీఎన్ఏ దెబ్బతినగానే చర్మకణంలో పీ53 అనే కావలి ప్రోటీన్ మేలుకొంటుంది. అది పీఓఎంసీ అనే మూలప్రోటీన్‌ను తయారుచేయిస్తుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి చేసేది కూడా దీనినే. దాని నుంచి ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ అనే హార్మోన్ తెగి, పక్కనే ఉన్న రంగుకణానికి కబురు అందిస్తుంది. రంగుకణం మెలనిన్ తయారుచేసి పొరుగు కణాలకు పంచుతుంది. ఆ మెలనిన్ ఒక్కొక్క కణకేంద్రం మీద గొడుగులా నిలుస్తుంది. ఎండకు నల్లబడటమంటే ఇదే. ఎర్రజుట్టు, పాలవంటి చర్మం గల తెల్లవారిలో ఈ కబురును అందుకొనే గ్రాహకం సరిగా పనిచేయదు. వారికి మెలనోమా ముప్పు అధికం.

అందువల్ల నల్లని వాళ్ళకు చర్మ క్యాన్సర్ రాదనే మాట పుట్టింది. ఎండ తగిలే చోట అందులో చాలావరకు నిజముంది. అరికాలి దగ్గరే ఆ లెక్క తప్పుతుంది.

మదనపల్లె వైపు ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు ఒక చెనిక్కాయల రైతు నా దగ్గరకు వచ్చాడు. మడమ మీద నల్లమచ్చ. ఆనె అనుకొని ఏడాదిపాటు బ్లేడుతో చెక్కుకొన్నాడు, జిల్లేడు పాలు వేశాడు. వచ్చేసరికి అది పుండైంది, గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. క్యాన్సర్ కావచ్చని చెబితే ఆయన నమ్మలేదు. "అరికాలికి యాడ ఎండ తగల్తాది సార్?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. ముక్క పరీక్షలో మెలనోమా అని వచ్చింది. పెద్దాసుపత్రికి పంపాను. మరుసటి ఏడు ఊరి తిరునాళ్ళకు ఆయన లేడు.

ఆయన ప్రశ్నకు జవాబు ఇది. అరికాలి మెలనోమాకు ప్రధాన కారణం ఎండ కాదు. శరీరభారం మోసే మడమ, ముందుపాదం భాగాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తున్నందున ఒత్తిడి, రాపిడి మీద శాస్త్రవేత్తలకు అనుమానం. మన ఒళ్ళు ఎంత నల్లగా ఉన్నా అరచేతులు, అరికాళ్ళు తెల్లగా ఉంటాయి గదా! దానికీ స్థానిక సంకేతమే కారణం. అక్కడి చర్మం అడుగున ఉన్న కణాలు డీకేకే1 అనే ప్రోటీన్‌ను విడుదల చేసి, పైనున్న రంగుకణాలను అణచి ఉంచుతాయి. చర్మం ఒంటినిండా ఒకే వస్త్రం కాదన్నమాట, ఏ చోటి కబురు ఆ చోటిదే. జమైకా గాయకుడు బాబ్ మార్లీ కాలివేలి గోటి కింద మచ్చను ఫుట్‌బాల్ దెబ్బ అనుకొన్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది. 1981లో 36 ఏళ్ళకే మరణించాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు చెప్పులు లేకుండా ఎక్కే భక్తులు, కొండ దిగాక పాదాలకు వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకొంటారు. ఆ పూట అరికాలు ఒకసారి తిప్పి చూసుకోమని నేను అందరికీ చెబుతుంటాను.

చర్మం చేసుకొనే మరో హార్మోన్ కార్టిసాల్. మనిషి తలవెంట్రుక కుదురు ఒక్కటే, శరీరం బయట ఉంచినా, కార్టిసాల్ తయారుచేయగలదని 2005లో జర్మనీ పరిశోధకులు చూపారు. కల్యాణకట్టలో మనం స్వామికి సమర్పించే వెంట్రుకలు అంత చిన్న కర్మాగారాల నుంచి వచ్చినవి! (గుండు చేయించుకొన్నప్పుడు నెత్తి మీద మచ్చ, పుండు ఉందేమో ఇంట్లోవాళ్ళను చూడమనండి. మరెప్పుడూ కనబడని చోటు అది.) ఈ కార్టిసాల్ వాపును, రోగనిరోధక కణాల దూకుడును తగ్గిస్తుంది. చర్మానికి అది మేలు. కానీ మెలనోమా కణాలు కూడా ఇదే సామగ్రిని ఉపయోగించుకోగలవు. నిరోధక కణాల కన్ను కప్పడానికి వాటికి అది అనుకూలం.

అందుకే తెల్లబడటానికని అమ్మే స్టెరాయిడ్ క్రీములంటే నాకు కోపం. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ కలిపిన ట్యూబును ఏళ్ళ తరబడి ముఖానికి రాసే ఆడపిల్లలను ఎందరినో చూశాను. చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, అవాంఛిత రోమాలు వస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన పెట్టింది. మందుల షాపులో అడగగానే ఇప్పటికీ ఇస్తున్నారు. క్రీము క్యాన్సర్ తెస్తుందని నేననను. మానని మచ్చ మీద రాస్తే దురద, ఎరుపు తగ్గి, నయమైందన్న భ్రమ కలుగుతుంది. లోపలిది లోపలే పెరుగుతుంది.

థైరాయిడ్ హార్మోన్ కథ మరో రకం. ఇటలీలోని నేపుల్స్ పరిశోధకుల ప్రకారం, బేసల్ సెల్ క్యాన్సర్ కణాలు ఆ హార్మోనును తమలోనే నిర్వీర్యం చేసుకొని పెరుగుతాయి. స్క్వామస్ సెల్ క్యాన్సర్ ముదిరాక అదే హార్మోన్ కణాలు పాకడానికి తోడ్పడుతుంది. ఇదంతా కణం లోపలి వ్యవహారం. థైరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు భయపడి మానవద్దు.

చివరగా, చాలామంది అడిగే మాట: "ముక్క తీస్తే పాకుతుందంట గదా?" పాకదు. చిన్న మచ్చయితే మత్తుసూది ఇచ్చి మొత్తంగానే తీసి పరీక్షకు పంపుతారు, అరగంట పని. నెల దాటినా మానని పుండు, పెరుగుతున్న లేదా రంగు మారుతున్న మచ్చ, గోటి కింద వెడల్పవుతున్న నల్లచార కనిపిస్తే రుయాలోనైనా, మీ జిల్లా ఆసుపత్రిలోనైనా చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళండి. వెళ్ళే ముందు దాని మీద ఏ క్రీమూ రాయకండి, బ్లేడుతో చెక్కకండి. ఉన్నది ఉన్నట్టుగా డాక్టరుకు కనబడాలి.